గుండు, బద్ద, ముక్క

తెల్లవారి నాలుగున్నరకి
పలాస స్టేషన్లో గూడ్సుబండి కూత వేసేటప్పటికి
అక్కడెక్కడో రాత్రి ఆట మొదలవుతుంది.
దుప్పట్లో ఫోను. ఫోనులో రామిరో ఓల్మెదా.
ఎడమచేతివాటం. ఇరవై నాలుగేళ్లు, నా ఈడే.
వాడు బంతి విసరగా నేనెప్పుడూ చూడలేదు,
చూడాలంటే వేరే డబ్బులట.
నాకు అంకెలొక్కటే వస్తాయి,
ఎండాకాలం బోరింగులో నీళ్లలా, దగ్గి దగ్గి.

"ఏటే ఊర్మిళా, ఇంకా తెల్లారనేదు, ఏటి సూత్తన్నావ్?"
కార్డులమ్మా.
"పేకాటా!"
కాదు, బేస్‌బాల్.
"అంటే?"
కర్రాబిళ్లే అనుకో. బిళ్ల బదులు బంతి.
అమ్మ అటు తిరిగి పడుకుంది.
కర్రాబిళ్లకి కార్డులెందుకని అడగలేదు.
అడిగుంటే నాకూ తెలీదు.

ఆట తెలీదు గానీ బేరం తెలుసు.
కాశీబుగ్గ ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా బల్ల ముందు కూర్చుని
గుండు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి,
ముక్క, నూక, మాడింది, పురుగు కుట్టింది.
పౌనుకి నూట ఎనభై తూగే గుండుని
కళ్లు మూసుకుని వేళ్లతో చెప్పగలను.
వైశాఖంలో పిక్కలు కొన్న షావుకారు
దసరాకి ఎందుకు నవ్వుతాడో చూస్తూనే పెరిగాను.
అలాగే కొన్నాను ఓల్మెదాని,
ఏప్రిల్లో, వరసగా మూడాటలు ఓడి
అందరూ వదిలించుకుంటున్నప్పుడు.
ఒక్కోటి నలభై కాయిన్లు.
పదకొండు ఓల్మెదాలు.

మొబైల్ షాపు ఢిల్లేసు పడీపడీ నవ్వాడు.
"పిచ్చరని సెప్పి పిచ్చోడిని కొనీసినావేటి!"
కాయిన్లకి రూపాయిలిచ్చేది వాడే.
వెయ్యికి అరవై.
తర్వాత వాడెవరికి అమ్ముతాడో
వాడి గాజు కౌంటరుకి తెలియాలి.

ఇవాళ ఓల్మెదా ఎవర్నీ కొట్టనివ్వడం లేదు.
ఒకడొస్తాడు, పోతాడు. ఇంకొకడు, పోతాడు.
తొమ్మిది వందలు. రెండు వేలు. నాలుగు.
అయిదో ఇన్నింగ్స్ అయ్యేసరికి ఒక్కో కార్డు ఆరు వేలు!
పదకొండు ఆర్లు అరవై ఆరు వేలు,
ఢిల్లేసు లెక్కన మూడువేల తొమ్మిదివందల అరవై,
నా పదమూడు రోజుల కూలి, పైన టీ ఖర్చు.
ఇంకొక్కడు. ఇంకొక్కణ్ని పడగొట్టనీ, అమ్మేస్తా అనుకున్నాను.
షావుకార్లందరూ ఇలాగే అనుకుంటారు కాబోలు.

ఒక్క గీత వచ్చింది.
ఓల్మెదా. మోచెయ్యి. బయటికి.

అమ్ము మీద నొక్కాను.
వేలిముద్ర వేయమంది. వేశాను.
గుర్తించలేదు, మళ్లీ ప్రయత్నించండి.
తుడిచి వేశాను. మళ్లీ ప్రయత్నించండి.
మూడు వేలు. పన్నెండు వందలు.
ఎడమచేతి వేలు. మళ్లీ.
నాలుగొందలు.
ఆరేళ్లు పొట్టు వలిచిన వేలు,
ఫోనుకి ఎవరిదో తెలియడం లేదు.

"జుత్తుకి రాసీసి ఎట్టవే,"
కళ్లు తెరవకుండానే అంది అమ్మ.
"పింఛన్ కాడ నాను అలగే ఎడతాను."
ముప్ఫై ఏళ్లు పిక్క కొట్టిన చెయ్యి,
జీడి తిన్న వేళ్లు.
నెలనెలా అదే మిషను, అదే మాట.
నాకు తెలుసు. ఎప్పుడూ పక్కన నిలబడలేదు, అంతే.

జుత్తుకి రాశాను. నూనె అంటింది.
ఫోను నన్ను గుర్తుపట్టింది.
అప్పటికి కార్డు ముప్ఫై అయిదు.

పది అమ్మేశాను, ఒక్కోదానికీ అయిదు నష్టం.
మోచెయ్యి అతకడానికి ఏడాది పైనే పడుతుందట.
ఫోటోలో మాత్రం ఇంకా నవ్వుతున్నాడు,
చెయ్యి పైకెత్తి, వేళ్ల మధ్య బంతితో.
వాడి వేళ్లు పెద్దవి చేసి చూశాను,
మరీ పెద్దవి చేస్తే చుక్కలే మిగిలాయి.

పదకొండోది ఎందుకుంచావని సాయంత్రం ఢిల్లేసు అడుగుతాడు.
చూద్దాం.
సైరన్ మోగింది. అమ్మ లేచి పొయ్యి ముట్టిస్తోంది.
బూడిద డబ్బా ఎక్కడ పెట్టానో కనపడటం లేదు.